గుల్మార్గ్ పోతున్న అల్లునికి

అల్లుడూ,

రాళ్ల వాన తప్ప మంచు ఎరుగని దేవరకొండ పోరడు గుల్మార్గ్‌ల స్కీయింగ్ నేర్చుకుంటా అంటే, మిల్ట్రీల ఉన్నప్పుడు నాలుగు చలికాలాలు అక్కడ గడిపిన నాకు సంబురమే. కానీ నువ్వు పంపిన రేసు వీడియో, దాని కింద "ఇట్ల నేర్చుకోవాలె మామా" అన్న ముక్క చూసినంక జర గుబులైంది.

రేసర్ తుంటి మంచుకు రాసుకునేటట్టు వంగుతడు. మన్ననూరు దాటినంక శ్రీశైలం ఘాట్ల బండి నడిపినవ్ గదా? స్పీడు ఉంటేనే మూలమలుపుల బండి వంగి నిలుస్తది. నిలబడ్డ బండిని అట్ల వంచితే నీ మీదనే పడ్తది. ఆ రేసర్ అట్ల వంగగలిగేది స్పీడు ఉండబట్టే. మొదటి వారం నువ్వు అట్ల వంగితే పక్కకు కూలవడ్తవ్.

ఇంకోటి, వాడు ఎక్కడ తిరగాల్నో గేట్లు, అంటే మంచుల పాతిన కర్రలు, చెప్తయ్. గేటు కాడికి వచ్చి తిరగడు, పైన్నే మలుపు మొదలువెట్టి, కర్ర దాటేసరికి చానా మటుకు తిరిగే ఉంటడు. మలుపు కిందికి సాగితే టైం పోతది. నీకు నేర్పేటోళ్లు చెప్పేది వేరే: స్కీలు వాలుకు అడ్డం వచ్చేదాక గుండ్రంగ తిప్పు, స్పీడు తగ్గించుకో. నేను అదే బాగ నేర్చుకుని యూనిట్ పోటీకి దిగిన. ప్రతి మలుపు ముగ్గేసినట్టు తిప్పిన. చూసినోళ్లు మస్తు మెచ్చుకున్నరు. టైం చూస్తే కింది నుంచి రెండో నంబరు!

వెనక్కి తిరిగి మంచు మీద గీతలు చూడు. స్కీ అంచు మీద మంచును కోసుకుంట పోతే రైలు పట్టాల్లెక్క సన్నటి గీతలు. స్కీ పక్కకు జారితే చీపురుతోని ఊడ్చినట్టు వెడల్పు మరక. రేసుల ఆ మరక దండగ, నీకు మాత్రం అదే బ్రేకు. సిగ్గుపడకు. నిటారు వాలు మీద పెద్ద రేసర్లు గూడ కావాలనే కొంచెం జార్చి, తర్వాత అంచు పడ్తరు.

రేసు స్కీలు కిరాయికిచ్చినా ముట్టకు. మగోళ్ల జెయింట్ స్లాలం (గేట్లు దూరం దూరం ఉండే రేసు) స్కీ రేడియస్, అంటే అది తిరిగే గుండ్రం కొలత, కనీసం 30 మీటర్లు, నీ స్పీడుకు అది వంగనే వంగది.

రేసుల గానీ, నీ నేర్చుకునుట్ల గానీ, రెండింట్ల ఒక్కటే ఉన్నది: బరువు బయటి కాలు మీద. ఎడమకు తిరిగితే కుడి కాలు. ముంగాలు ఎముక బూటు ముందటి నాలుకకు ఆనాలె. భయమైతే వెనక్కి వాలుతం, అప్పుడు స్కీ కొనలు మన మాట వినయ్.

మా చెల్లె ఉన్ని సాక్సులు రెండు జతలు ఏస్కొమ్మంటది. వినకు. సన్నది ఒక్కటే జత. రెండేస్తే బూటు బిగుసుకుని, రక్తం ఆడక వేళ్లు కొయ్యబారుతయ్.

మీ మామ