సెఫాక్సిటిన్ జోన్ ఒకరోజు 21, మర్నాడు 23 వస్తే ఏం రాయాలి?

విజయనగరంలో చిన్న ల్యాబ్, ఒకే స్టాఫ్ ఆరియస్ (స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా) స్ట్రెయిన్‌కి సెఫాక్సిటిన్ జోన్, అంటే ఆ యాంటీబయాటిక్ డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని వలయం వ్యాసం, ఒకరోజు 21 మి.మీ., మర్నాడు 23 వస్తోంది, ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్ ఆరియస్) అని రాయాలా వద్దా అని అడిగారు. ఇది ఎండాకాలం ప్రశ్నయితే ముందు ఇంక్యుబేటర్ చూడండి.

మెథిసిలిన్ రకం మందులకి లొంగకుండా చేసే మెక్‌-ఏ జన్యువు ఉన్న స్టాఫ్ అంతా ఒకే తీరున రెసిస్టెన్స్ చూపించదు. వేడి 35 డిగ్రీలు దాటితే అది ఇంకా అణిగిపోయి, రెసిస్టెంట్ బాక్టీరియా సెన్సిటివ్‌లా కనిపిస్తుంది. అందుకే 33 నుంచి 35 మధ్యే ఉంచాలి. చాలాచోట్ల కల్చర్లకి పెట్టిన 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోనే ఈ ప్లేట్లూ పెట్టేస్తారు. పైగా మామూలు ఇంక్యుబేటర్‌కి వేడెక్కించడమే తెలుసు, చల్లబరచడం రాదు. మే నెలలో గదిలోనే 38 ఉంటే డయల్ మీద 35 పెట్టి లాభమేముంది? కూలింగ్ ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి, లేదంటే ఏసీ గదిలో పెట్టాలి. డిస్‌ప్లే అంకెని నమ్మకండి. చిన్న నీళ్ల సీసాలో థర్మామీటర్ ముంచి ప్లేట్లున్న అరలోనే ఉంచి, పొద్దున్నా సాయంత్రమూ రాసుకోండి. రాత్రి కరెంటు చాలాసేపు పోతే ఆ ప్లేట్ చదవొద్దు, మళ్లీ పెట్టండి.

ఇక్కడో మెలిక ఉంది. పరీక్ష సరిగా నడుస్తోందో చూడటానికి రోజూ పెట్టే ఏటీసీసీ 25923 స్టాఫ్ స్ట్రెయిన్ (కంట్రోల్) జోన్ 23–29 మి.మీ. మధ్య వచ్చిందని ఊరట పడకూడదు. దానిలో మెక్‌-ఏ లేదు కాబట్టి ఈ వేడి తప్పు దాంతో బయటపడదు. మెక్‌-ఏ ఉన్న ఏటీసీసీ 43300 కూడా పక్కన పెట్టాలి.

జోన్ చిన్నదవడానికి కారణాలు వేరు. 90 మి.మీ. ప్లేటులో ముల్లర్ హింటన్ అగార్ (బాక్టీరియా పెంచే మాధ్యమం) సుమారు 25 మి.లీ. పోస్తే 4 మి.మీ. మందం వస్తుంది. మందం ఎక్కువైతే జోన్ తగ్గుతుంది, పలచనైతే పెరుగుతుంది. బల్ల వాలుగా ఉంటే ఒకే ప్లేటులో రెండూ జరుగుతాయి. బాక్టీరియా కలిపిన ద్రవం (సస్పెన్షన్) 0.5 మెక్‌ఫర్లాండ్ అనే మసక కొలత కన్నా చిక్కనైనా జోన్ తగ్గుతుంది. కలిపిన 15 నిమిషాల్లో స్వాబ్ చేసి, మరో 15 నిమిషాల్లో 30 మైక్రోగ్రాముల డిస్క్ పెట్టెయ్యాలి. మన తీరం గాలిలో తేమ ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కుల సీసాని గది వేడికి రాకముందే తెరిస్తే లోపల చెమ్మ పట్టి మందు బలం తగ్గుతుంది.

ఆరియస్‌కి 16–18 గంటల తర్వాత, ప్లేటు మీద పడి తిరిగొచ్చే (రిఫ్లెక్టెడ్) వెలుతురులో చదివితే 21 లేదా తక్కువ రెసిస్టెంట్, 22 నుంచి సెన్సిటివ్. మధ్యలో ఇంటర్మీడియట్ అనే గది లేదు. ముందు ట్యూబ్ కోయాగ్యులేజ్‌తో అది ఆరియసేనని తేల్చుకోండి. ఎపిడెర్మిడిస్‌కి హద్దు 24/25, ఇంక్యుబేషన్ 24 గంటలు. మీ స్ట్రెయిన్‌కి అన్నీ సరిచేసి తాజా కాలనీలతో మళ్లీ పెట్టండి. అప్పుడూ ఊగితే పీబీపీ-2ఏ (మెక్‌-ఏ తయారుచేయించే ప్రొటీన్) లాటెక్స్ పరీక్ష గాని, మెక్‌-ఏ పీసీఆర్ గాని చేయించండి. తేలేవరకు సెన్సిటివ్ అని రిపోర్టు ఇవ్వొద్దు: ఆ మాట నమ్మి డాక్టరు క్లోక్సాసిలిన్ రాస్తే నష్టపోయేది రోగి. రెసిస్టెంట్ అని తేలితే ఆక్సాసిలిన్ రెసిస్టెంట్ అనే రాయాలి. సెఫ్టారోలిన్, సెఫ్టోబిప్రోల్ లాంటివి తప్ప మిగతా బీటా లాక్టమ్‌లన్నీ (పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ తరహా మందులు) అందులోకే వస్తాయి.

అదే ప్లేటులో ఎరిత్రోమైసిన్ 15, క్లిండామైసిన్ 2 మైక్రోగ్రాముల డిస్కులు అంచు నుంచి అంచుకి 15–26 మి.మీ. దూరంలో పెట్టండి. క్లిండామైసిన్ జోన్ ఎరిత్రోమైసిన్ వైపు చదునైతే క్లిండామైసిన్ కూడా రెసిస్టెంటే. వాంకోమైసిన్ డిస్క్ మాత్రం స్టాఫ్‌కి వాడకండి, ఇంటర్మీడియట్ రకాల్ని అది పట్టదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తో ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మందు మోతాదు) చూసి, నిండా 24 గంటల తర్వాతే చదవాలి.