పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్లనీ, వాళ్ల తొలి రికార్డింగులనీ ఎలా వెతికి పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: వైజాగ్‌లో ఉంటున్నారు, యాప్ ఏది తెరిచినా అవే సినిమా పాటలు వస్తున్నాయి, ఇండీ బ్యాండ్లు (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు) చేసిన మొదటి ఈపీలూ (నాలుగైదు పాటల చిన్న ఆల్బమ్‌లు) డెమోలూ (నమూనాగా చేసుకున్న రికార్డింగులు) ఎక్కడ దొరుకుతాయి అని.

యాప్‌ని నమ్ముకుంటే దొరకవండి. పదిమంది విన్నదాన్నే అది పదకొండోవాడికి వినిపిస్తుంది. ఎవరూ వినని పాట దాని కంటికి ఆనదు. అందుకే నేను పాటల వెంట పడటం మానేసి మనుషుల వెంట పడుతుంటాను. డ్రమ్స్ ఎవరు వాయించారు, మిక్సింగ్ ఎవరు చేశారు, కవర్ బొమ్మ ఎవరు గీశారు... ఒక్క పేరు చేతికి చిక్కితే దాని వెనకాల ఓ గుంపే బయటపడుతుంది.

ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఇక్కడే ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఓ బ్యాండ్ కుర్రాళ్లు ఇంట్లో బర్న్ చేసిన సీడీలు అమ్మారు. అట్ట కవరు, మార్కర్‌తో రాసిన పేరు. పాటలు నాలుగే, అందులో రెండు ఫర్వాలేదు. కానీ లోపలి మడత మీద చిన్న చిన్న అక్షరాలతో కృతజ్ఞతల జాబితా ఉంది చూడండి, అసలు సరుకు అదీ. ఆంప్లిఫయర్ అరువిచ్చిన బ్యాండు, హైదరాబాద్‌లో తన గదిలోనే రికార్డ్ చేసిపెట్టిన కుర్రాడు, కోరస్‌కి గొంతిచ్చిన అమ్మాయి. ఒక్కో పేరే పట్టుకుని వెతుక్కుంటూ పోతే కొత్త బ్యాండ్లు తగిలాయి. వాటిలో ఒకటి ఆ సీడీ అమ్మినవాళ్ల కంటే చాలా బాగుంటుంది, నిజం చెప్పాలంటే.

ఇప్పుడు అట్ట కవర్లు లేకపోయినా పేర్లు ఉంటాయి. 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడిన రామ్ మిరియాల సినిమాల్లోకి రాకముందు చౌరస్తా బ్యాండ్‌లో పాడేవాడు. ఆ పాట విన్నవాళ్లలో ఎంతమంది వెనక్కెళ్లి చౌరస్తా విన్నారో మీరే ఊహించుకోండి. ఇలాంటప్పుడు యూట్యూబ్‌లో ఆ బ్యాండ్ ఛానల్‌కి వెళ్లి వీడియోల్ని ‘ఓల్డెస్ట్’ వరసలో పెట్టి చూడండి. తొలినాటి సరుకంతా అక్కడే అడుగున పడి ఉంటుంది. ఎవరి పాటల్ని వాళ్లే ఎక్కించుకునే సౌండ్‌క్లౌడ్ సైట్‌లో అయితే ఆ బ్యాండ్ ఎవరెవర్ని ఫాలో అవుతోందో చూడాలి. వాళ్ల పాటల కంటే ఆ జాబితాతోనే నాకు ఎక్కువసార్లు పని పడింది.

బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఊరి పేరుతో వెతకొచ్చు. అయితే మనవాళ్లు ఒకరు వైజాగ్ అని, ఒకరు విశాఖపట్నం అని, ఇంకొకరు ఊరే వదిలేసి ఆంధ్ర అని ట్యాగ్ పెడతారు. అన్నీ కొట్టి చూడాలి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఇంకో తలనొప్పి. చౌరస్తాలో ‘ర’కి ఒక ఏ పెట్టి వెతికితే ఒకటి, రెండు పెడితే ఇంకొకటి వస్తుంది.

యాప్‌లో కనిపించే సంవత్సరాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. చాలాసార్లు అది ఆ పాటను అక్కడికి ఎక్కించిన ఏడాది మాత్రమే. డిస్కాగ్స్ సైట్‌లో ఒకే ఆల్బమ్ ఎన్ని రూపాల్లో వచ్చిందో, ఎవరు వాయించారో విడివిడిగా ఉంటుంది. ఏ పేరు మీద నొక్కినా ఆ మనిషి చేసిన మిగతా పనులు తెరుచుకుంటాయి.

మనుషులు మారితే ఏమవుతుందో తెలియాలంటే ఇండియన్ ఓషన్ వినండి. 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండ్. తొలి ఆల్బమ్ 1993లో వచ్చింది. డ్రమ్మర్ అమిత్ కిలామ్ చేరింది 1994లో. 1997 నాటి లైవ్ రికార్డింగ్ ‘డెజర్ట్ రెయిన్’ని ఆ మొదటి ఆల్బమ్ పక్కన పెట్టి వింటే లయలో తేడా చెవికి ఇట్టే అందుతుంది. చాలామంది 2000లో వచ్చిన ‘కందీసా’తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నాకైతే ‘డెజర్ట్ రెయిన్’ మీదే మోజు. ఇంగ్లండ్‌లో బజ్‌కాక్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ వాళ్లు 500 పౌండ్లు అప్పు తెచ్చి 1977 జనవరిలో సొంతంగా వేసుకున్న ‘స్పైరల్ స్క్రాచ్’ ఈపీ కూడా చూడండి. ఏ పాట ఎన్నో టేకో, మీద ఏం కలిపారో కవర్ మీదే అచ్చేశారు. తొలి విడుదలలన్నీ గొప్పవని అనను, సగం మళ్లీ వినబుద్ధి కాదు. అయినా పని ఎలా నేర్చుకున్నారో దాచకుండా చూపించేది అవే.

దొరికింది దొరికినట్టు భద్రం చేసుకోండి. 2015కి ముందు మైస్పేస్ అనే పాత సోషల్ మీడియా సైట్‌లోకి ఎక్కించిన పాటలన్నీ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. కోట్ల పాటలు! వాటిలో దాదాపు 4,90,000 మాత్రం ఎవరో ముందే దింపుకుని ఉండటంతో పాత వెబ్ సరుకు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌కి చేరాయి. మన ఊళ్లో ఇంకో శత్రువు సముద్రపు గాలి. పాత క్యాసెట్ టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లన్నీ పాడవుతాయి. ఇంట్లో బర్న్ చేసిన సీడీలైతే ఇవాళే కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి, ఎంపీ3గా కాదు, శబ్దంలో ఏమీ కోత పడని ఫ్లాక్ ఫైళ్లుగా.

డబ్బు సంగతి. స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినని పాటకి 2024 నుంచి పైసా రాదు. చిన్న బ్యాండ్ల పాటలు ఎక్కువ భాగం ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే సైట్ వాటా 15 శాతం పోను మిగతాది దాదాపుగా వాళ్లకే. కాకపోతే ఆ సైట్ బ్యాండ్లకి డబ్బు చేర్చేది పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ ద్వారా, అదేమో 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. మన బ్యాండ్‌కి మనమే అలా డబ్బు కట్టబోతే ఇబ్బంది. నేనైతే బ్యాండ్‌కి మెసేజ్ పెట్టి యూపీఐలో పంపేస్తాను, వాళ్లు ఫైళ్లు పంపేస్తారు.

ఇక వైజాగ్‌లో అయితే సిరిపురం, ఎంవీపీ కాలనీ వైపు కెఫేల్లో, కాలేజీ ఫెస్టుల్లో, బీచ్ రోడ్డు కార్యక్రమాల్లో పోస్టర్ అడుగున చిన్న అక్షరాలతో వేసిన పేరు ఉంటుందే, ముందుగా వాయించి దిగిపోయే బ్యాండ్, వాళ్ల కోసం వేళకి వెళ్లండి. వాయించడం అయ్యాక కేబుళ్లు చుట్టుకుంటుంటారు. అప్పుడు దగ్గరికెళ్లి, ‘బ్రో, మీరు మొట్టమొదట రికార్డ్ చేసింది ఎక్కడుంది?’ అని అడగండి. ముందు సిగ్గుపడతారు, బాలేదంటారు. ఇంటికెళ్లాక గూగుల్ డ్రైవ్ లింకు పంపుతారు. వాళ్లు సరే అనేదాకా ఆ లింకు ఇంకెవరికీ పంపకండి.