అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ తగలబెట్టించాడా?

ఈజిప్టును గెలిచిన అరబ్బు సేనాని అమ్ర్ ఆ గ్రంథాలయాన్ని నిజంగానే కాల్పించాడా, అసలు ఆయన ఎలాంటి మనిషి అని అడిగారు. కాల్పించలేదనే నేనంటాను. పుస్తకాలను నాలుగు వేల స్నానశాలల్లో ఆరు నెలలపాటు మండించారన్న కథ 13వ శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది. అంటే ఆయన పోయిన ఐదున్నర శతాబ్దాల తర్వాత! అదే 7వ శతాబ్దం చివర్లో రాసిన ఈజిప్టులోని నికియూ బిషప్ జాన్ ఈ ఊసే ఎత్తలేదు. ఆయనకు అరబ్బుల మీద ప్రేమేమీ లేదు, పన్నుల భారం గురించి గట్టిగానే మొత్తుకున్నాడు. అయినా చర్చిల ఆస్తి జోలికి అమ్ర్ పోలేదని కూడా ఆయనే రాశాడు.

ఉద్యోగం వల్ల కొన్నాళ్లు కైరోలో ఉన్నాను. సెలవు రోజుల్లో మెట్రోలో మార్ గిర్గిస్ స్టేషన్‌కు వెళ్లేవాణ్ణి. బయటికి రాగానే ఎదురుగా బాబిలోన్ కోట బురుజులు (ఇరాక్‌లోని బాబిలోన్ వేరు). 641 ఏప్రిల్‌లో అది లొంగడంతోనే ఈజిప్టు భవిష్యత్తు తేలిపోయింది. ఆ రోమన్ కోట ద్వారం మీదే కాప్టుల (ఈజిప్టు క్రైస్తవుల) 'వేలాడే చర్చి' ఉంది. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే అమ్ర్ మసీదు, ఆఫ్రికాలో మొదటిదంటారు. ఇప్పుడున్న కట్టడంలో ఆయన నాటిది ఏమీ మిగల్లేదు, ఆ సంగతి తెలియక చాలామంది స్తంభాలకు ఫొటోలు తీసుకుంటుంటారు. మా ఆఫీసులో ఒక కాప్టిక్ ఆవిడ ఉండేవారు. అంతకుముందు ఈజిప్టును ఏలిన బైజాంటియన్ల (తూర్పు రోమన్ల) వేధింపులకు దశాబ్దానికి పైగా దాక్కుని బతికిన తమ మతపెద్ద బెంజమిన్‌ను అమ్ర్ అభయమిచ్చి పిలిపించాడని చెప్పి, 'కానీ పన్ను పన్నే కదా' అనేవారు.

ఆ పన్నుకు సాక్ష్యం కూడా ఉంది. 643 నాటి పాపిరస్ రసీదు ఒకటి వియన్నాలో భద్రంగా ఉంది. సైన్యం కోసం 65 గొర్రెలు తీసుకున్నామని, వాటిని పన్నులో జమ కడతామని గ్రీకులో, అరబిక్‌లో రాసిచ్చారు. దోపిడీ సైన్యం రసీదులు ఇవ్వదు. అలాగని అమ్ర్‌ను సాధువుగా చూడక్కర్లేదు.

అమ్ర్ మక్కాలోని ఖురైష్ తెగ మనిషి, మొదట్లో ఇస్లాంకు విరోధి. అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతానికి) పారిపోయిన ముస్లింలను వెనక్కి తేవడానికి మక్కా పెద్దలు ఆయన్నే రాయబారిగా పంపారు. 629 ప్రాంతంలో మతం మారాడు, సిరియాలో పోరాడాడు, 639 చివర్లో నాలుగు వేలమందితో ఈజిప్టులో అడుగుపెట్టాడు. గవర్నరుగా నైలు నది నుంచి ఎర్రసముద్రానికి పూడిపోయిన పాత కాలువను తవ్వించి హిజాజ్‌కు (మక్కా, మదీనాలున్న అరేబియా ప్రాంతానికి) ధాన్యం పంపాడు.

తర్వాత ముస్లిం రాజ్యాధినేత, ఖలీఫా ఉస్మాన్ ఆయన్ని గవర్నరు పదవి నుంచి తప్పించాడు. బైజాంటియన్లు అలెగ్జాండ్రియాను మళ్లీ పట్టుకుంటే, తిరిగి గెలవడానికి అమ్రే కావాల్సొచ్చాడు. ఆ పైన, సైన్యం నువ్వు చూసుకో, పన్నుల వసూలు వేరొకరికి అని ఉస్మాన్ అన్నాడట. ఆవు కొమ్ములు నేను పట్టుకుంటే పాలు ఇంకొకడు పిండుకోవాలా అని ఆయన ఒప్పుకోలేదని అరబ్బు చరిత్రకారులు రాశారు. మనిషి మొత్తం ఆ జవాబులోనే దొరుకుతాడని నాకనిపిస్తుంది.

657లో సిఫ్ఫీన్ యుద్ధంలో అప్పటి ఖలీఫా అలీకి ఎదురుగా, సిరియా గవర్నరు ముఆవియా పక్షాన నిలిచాడు. ఈటెలకు ఖురాన్ ప్రతులు కట్టి యుద్ధం ఆపించిన ఎత్తు ఆయనదేనంటారు. అలీని తమ ఇమాముగా కొలిచే షియాలు ఆయన్ని ఇప్పటికీ క్షమించకపోవడానికి కారణం ఈజిప్టు కాదు, ఇదీ, దాని తర్వాత ఆ ఇద్దరి తగవు తీర్చడానికి జరిగిన మధ్యవర్తిత్వమూ. 658లో ముఆవియా కోసం ఈజిప్టును మళ్లీ గెలిచి, 664లో చనిపోయేదాకా అక్కడి గవర్నరుగానే ఉన్నాడు.