కాలేజీ తెరిచే నెలలో డిపాజిట్ ఖాళీ చేయకండి

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. కోదాడలో మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. నెలకు సగటున 45,000 రూపాయలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 26,000. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మా అబ్బాయికి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజు 1,20,000 కట్టేశాను. బ్యాంకులో ఇంకా 2,40,000 డిపాజిట్ ఉంది. దాన్ని తీసేసి ల్యాప్‌టాప్‌కు 80,000, సెకండ్ హ్యాండ్ బైక్‌కు 70,000, హాస్టల్‌కు ఏడాది మొత్తానికి 90,000 కట్టాలనుకుంటున్నాను. హాస్టల్ నెలకు 8,000. ఒకేసారి కడితే ఏడాదికి 6,000 తగ్గిస్తామన్నారు. నెలకు 10,000 చొప్పున ఇరవై నెలల చీటీ ఒకటి వేస్తున్నాను, ఆరు నెలలు అయ్యాయి. వచ్చే ఏడాది ఫీజుకు దాన్ని ఎత్తుకుంటాను. మధ్యలో ఏ అవసరం వచ్చినా తెలిసినవాళ్ళు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తారు. ఆరోగ్య బీమా లేదు. ల్యాప్‌టాప్ నగదుతో కొనాలా, నో కాస్ట్ ఈఎంఐలో కొనాలా?
– కోదాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ల్యాప్‌టాప్ సంగతి తరువాత చెబుతాను. ముందు మీరు రాసిన మూడు ఖర్చులనూ ఒకసారి కూడి చూడండి. సరిగ్గా 2,40,000 అవుతుంది. అంటే మీ అబ్బాయి ఓరియెంటేషన్‌కు వెళ్ళే రోజుకు ఆపదలో అక్కరకు వచ్చే సొమ్ము మీ ఇంట్లో ఒక్క రూపాయి కూడా మిగలదు. పిల్లలను కళాశాలలో చేర్పించే జూలై, ఆగస్టు నెలల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటున్నాయి. మొదటి ఏడాదికి కావలసినవన్నీ మొదటి నెలలోనే అమర్చిపెట్టాలన్న తపనతో, కుటుంబం మొత్తానికి ఆధారమైన డిపాజిట్‌ను తల్లిదండ్రులు చేజేతులా ఖాళీ చేసుకుంటున్నారు. మీ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. నాలుగేళ్ళ చదువు సాఫీగా సాగాలంటే మొదటి నెలలో ఆ డిపాజిట్‌ను కాపాడుకోవడమే అన్నిటికంటే ముఖ్యమని గట్టిగా చెబుతున్నాను.

నెలకు 45,000 అన్నది సగటు అని మీరే రాశారు. వేసవిలో బోర్లు రాత్రింబవళ్ళు నడిచి, వోల్టేజీ సరిగా లేక మోటార్లు కాలిపోయే రోజుల్లో మీ షాపులో పని తెమలదు. వానలు బాగా పడి, కాలువలకు సాగర్ నీళ్ళు వచ్చిన నెలల్లో రైతుకు బోరు నడిపే అవసరమే తగ్గుతుంది, మీ దగ్గరకు వచ్చే మోటార్లూ తగ్గుతాయి. మీ ఖర్చు మాత్రం ఇకనుంచి ప్రతి నెలా ఒకేలా ఉంటుంది: ఇంటికి 26,000, హాస్టల్‌కు 8,000, చీటీకి 10,000. మొత్తం 44,000. సగటు ఆదాయం వచ్చిన నెలలో మిగిలేది వెయ్యి రూపాయలు, తగ్గిన నెలలో అదీ ఉండదు. పైగా వైండింగ్ మీ చేతి పని. చేతికి దెబ్బ తగిలినా, నడుము పట్టేసినా షట్టర్ దించేయవలసిందే, ఆ నెల మీకు జీతం ఇచ్చేవారు ఎవరూ లేరు. ఉద్యోగులకు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే సరిపోతుందని కొందరు చెబుతారు. స్వయం ఉపాధిలో ఉన్నవారికి ఆరు నెలలకు తగ్గితే నేను ఒప్పుకోను. ఇంటి ఖర్చూ హాస్టల్ ఖర్చూ కలిపి నెలకు 34,000 చొప్పున ఆరు నెలలకు 2,04,000 అవుతుంది. మీ డిపాజిట్ దాదాపుగా అదే. కాబట్టి అది ఖర్చు పెట్టడానికి దాచుకున్న సొమ్ము అని ఈ రోజు నుంచి అనుకోకండి.

ఆ సొమ్మును ఎలా ఉంచుకోవాలన్నదీ ముఖ్యమే. మీ భార్య పేరుతో కలిపి ఉన్న పొదుపు ఖాతాలో 44,000 ఉంచండి, మిగిలిన 1,60,000ను నలభై వేల చొప్పున నాలుగు డిపాజిట్లుగా విడగొట్టండి. ఒకటి అవసరమైనప్పుడు నాలుగూ రద్దు చేసుకోనక్కరలేదు. కార్డు ఎక్కడుందో, పిన్ ఏమిటో ఆమెకు తెలిసి ఉండాలి. ఆసుపత్రిలో ఉన్నది మీరే అయితే బ్యాంకుకు వెళ్ళవలసింది ఆమే కదా.

చీటీ ఉంది కదా అని మీరనవచ్చు. చీటీ అత్యవసర నిధి కాదు. పాట నెలకు ఒక్కసారే జరుగుతుంది, పాడుకున్నాక జామీను కుదిరేవరకు డబ్బు చేతికి రాదు. ఫీజుల నెలలో పాడడం మరీ నష్టం. ఆ చీటీలో ఉన్నవారిలో చాలామందికి అదే నెలలో పిల్లల ఫీజులు ఉంటాయి, పోటీ పెరిగి పాట పైకి పోతుంది. 2 లక్షల చీటీని 40,000 వదులుకుని ఎత్తుకుంటే మీకు వచ్చేది 1,60,000 మాత్రమే, మిగిలిన వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలి. ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. చివరి వరకు ఆగండి. నిర్వాహకుల కమిషన్ పోను మొత్తం మీ చేతికి వస్తుంది.

ఇక ఆ మూడు రూపాయల వడ్డీ గురించి. ఈ మాట ఎంత తేలికగా రాశారో చూసి నాకు నిజంగా బాధ కలిగింది. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. వచ్చే ఏడాది ఫీజుకు 1,20,000 ఈ వడ్డీకి తెస్తే నెలకు 3,600, ఏడాదికి 43,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ అబ్బాయి చదువు పూర్తయ్యే నాటికి, అంటే మూడేళ్ళలో, కట్టిన వడ్డీ 1,29,600 అవుతుంది. తెచ్చిన అప్పుకంటే ఎక్కువ కట్టినా ప్రామిసరీ నోటు మీద అసలు ఒక్క రూపాయి తగ్గదు. నెలకు వెయ్యి రూపాయలు మిగిలే ఇంట్లో 3,600 ఎక్కడి నుంచి తెస్తారు? మరో అప్పు చేయవలసి వస్తుంది. ఇచ్చేవారు తెలిసినవారు కావడం వల్ల వడ్డీ తగ్గదు, మొహమాటం మాత్రం పెరుగుతుంది. దయచేసి ఈ దారిని పూర్తిగా మరిచిపోండి.

మిగిలిన మూడేళ్ళ ఫీజుకు బ్యాంకు విద్యారుణం తీసుకోండి. మూడేళ్ళకు 3,60,000, ల్యాప్‌టాప్‌కు 40,000 కలిపితే సరిగ్గా 4 లక్షలు. ఆ పరిమితి వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు, మీ వాటాగా ముందు కొంత పెట్టమనీ అడగవు. చదువు కాలమూ, ఆపై ఒక ఏడాదీ వాయిదాలు ఉండవు. వీలైన నెలల్లో వడ్డీ కడుతూ వస్తే చివర్లో భారం తగ్గుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో మీ కళాశాల ఉందేమో కూడా చూడండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికి ఆ వాయిదా విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు ఆదాయ పరిమితి వల్ల వర్తించదు. వర్తించే కుటుంబాలు కూడా ఆ సొమ్ము ఫలానా నెలలో వస్తుందని లెక్క వేసుకోకూడదు. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బంద్‌కు దిగిన సంగతి గుర్తుంచుకోవాలి.

హాస్టల్‌కు ఏడాది మొత్తం కట్టవద్దు. 6,000 ఆదా కోసం 90,000ను ఒక ప్రైవేటు హాస్టల్ చేతిలో పెడుతున్నారు. మొదటి ఏడాది పిల్లలు తిండి పడకో, కళాశాల దూరమయ్యో, గదిలో సర్దుబాటు కాకో రెండు మూడు నెలల్లోనే హాస్టల్ మారడం కూకట్‌పల్లి, అమీర్‌పేట ప్రాంతాల్లో అందరికీ తెలిసిన విషయం. ముందే కట్టిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. నెలనెలా కట్టండి. అడ్వాన్స్ ఎంతో, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అందులో ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రసీదు మీద రాయించుకుని యూపీఐలో పంపండి. మీ డిపాజిట్‌లో ఆరు నెలల నిధి పోను మిగిలే 36,000లో అడ్వాన్స్, మొదటి నెల అద్దె సరిపోతాయి.

అందులో ఇంకా మిగిలినది ఆరోగ్య బీమాకు వెళ్ళాలి. ఇది కూడా వాయిదా వేసే విషయం కాదు. తరగతులు మొదలయ్యేదీ, వానలు జోరుగా పడి హాస్టళ్ళలో డెంగీ, టైఫాయిడ్ మొదలయ్యేదీ ఒకే కాలం. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మరి దేనికీ పరిహారం రాదు కాబట్టి ఈ వారమే తీసుకోండి. మీ ముగ్గురికీ కలిపి కనీసం 5 లక్షల ఫ్లోటర్, అంటే ఇంట్లో ఎవరికి అవసరమైనా వాడుకోగల ఉమ్మడి పాలసీ ఉండాలి, చీటీ పూర్తయ్యాక 10 లక్షలకు పెంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ప్రీమియం ఒకేసారి భారమనిపిస్తే నెలవారీగా కట్టే వీలున్న పాలసీ అడగండి. పాలసీ ఉన్నా ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ముందుగా కొంత కట్టమంటారు, అది మీ అత్యవసర నిధి నుంచే రావాలి. అబ్బాయి ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జ్ కాగితాలు భద్రపరచమని చెప్పండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం వంటి కారణాలకు 65 శాతం వరకే సడలింపు ఉంటుంది, దానికి రుజువు చూపాలి. హాజరు చాలక సెమిస్టర్ పోతే చదువు కాలమూ, హాస్టల్ ఖర్చూ రెండూ పెరిగిపోతాయి.

ఇప్పుడు ల్యాప్‌టాప్. మొదటి సెమిస్టర్‌లో సీ ప్రోగ్రామింగ్‌కు 80,000 యంత్రం అక్కరలేదు, కళాశాల ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉంటాయి. ఓరియెంటేషన్ అయ్యాక అధ్యాపకులనూ సీనియర్లనూ అడిగి, రుణం మంజూరయ్యాక 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ కొనండి. 40,000కు పైన కొద్దిగా అయితే చేతి నుంచి వేయండి. నో కాస్ట్ ఈఎంఐ వద్దు. నగదుకు ఇచ్చే తగ్గింపు ఇందులో పోతుంది, ప్రాసెసింగ్ రుసుము పైన పడుతుంది. సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. బైక్ వద్దు. కళాశాలకు నడిచి వెళ్ళగల హాస్టల్ చూడండి, లేకపోతే ఆర్టీసీ విద్యార్థి పాస్ తీసుకోండి.

మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు నిండగానే ఫోన్‌లో లోన్ యాప్‌ల ప్రకటనలు మొదలవుతాయి. ఐదు నిమిషాల్లో ఐదు వేలు అన్న యాప్‌ను తెరవవద్దని మీరే కూర్చోబెట్టి చెప్పండి. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు చూడడానికి రుణ యాప్‌లకు అనుమతి లేదని రిజర్వు బ్యాంకు 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. అవి అడిగే యాప్ ఏదైనా వెంటనే తీసేయాలి. డబ్బు అయిపోయిందని నాన్నకు చెప్పడానికి భయపడే పిల్లలే ఆ యాప్‌ల దగ్గరకు వెళుతున్నారు. నెలకు ఇంత అని ఒక మొత్తం పంపండి, మించితే కోప్పడకుండా లెక్క అడగండి.

మీ మీద ఇద్దరు ఆధారపడి ఉన్నారు కాబట్టి టర్మ్ పాలసీ, అంటే మీరు లేకపోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా కూడా కావాలి. అది తీసుకునే లోపు, 50 ఏళ్ళ లోపు వారికి ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా ఇచ్చే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్ష పథకాలకు మీ బ్యాంకులోనే సంతకం చేయండి.

విద్యారుణానికి సీటు కేటాయింపు ఉత్తర్వు, కళాశాల నుంచి నాలుగేళ్ళ ఫీజు వివరాలున్న లేఖ, అబ్బాయి మార్కుల పత్రాలు, మీ ఆదాయ పత్రాలు, ఆధార్, పాన్ కావాలి. అసలు సర్టిఫికెట్లు కళాశాలకు ఇచ్చే ముందే వాటి నకళ్ళు తీయించి పెట్టుకోండి. దరఖాస్తును విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టి, దాని నంబరుతో మీ ఖాతా ఉన్న శాఖకు వెళ్ళండి. వచ్చే ఏడాది ఫీజు గడువు దాకా ఆగకుండా ఈ నెలలోనే వెళ్ళండి. అక్కడ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, తరువాత మరో బ్యాంకుకు దరఖాస్తు చేయండి.