10-18 ఉండగా 11-16 ఎఫ్2.8 కొనాలా?
కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) మీద 10-18 ఎంఎం వైడ్ లెన్స్ వాడుతూ, విజయనగరం పెళ్లిళ్లకీ సిరిమానోత్సవానికీ టోకినా 11-16 ఎఫ్2.8కి మారాలా అని మీ ప్రశ్న. ఫొటోలో పట్టే కోణం పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. 10 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో 16, 11 అంటే దాదాపు 18.

పెరిగేది వెలుతురు. ఎఫ్ అంకె తగ్గితే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది; మీ 10-18 ఎఫ్4.5 కంటే టోకినా ఎఫ్2.8 సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ తీసుకుంటుంది. రాత్రి మండపంలో 1/25 సెకను షట్టర్ దగ్గర చెదిరిపోయే తలంబ్రాల ఫొటోకి 1/60 దొరుకుతుంది, మనుషులు కదిలేచోట ఇది నిజంగా పెద్ద తేడా. కానీ టోకినాలో స్టెబిలైజర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు. శ్రీముఖలింగం శిల్పాల్లాంటి కదలని వాటికి స్టెబిలైజర్ ఉన్న మీ పాత లెన్సే మేలు. సిరిమాను సాధారణంగా చీకటి పడకముందే తిరుగుతుంది, దానికీ పాత లెన్సే చాలు.

రాత్రి పెళ్లిళ్లే ఎక్కువైతే కొనండి. ముందు అద్దెకు తెచ్చి, రెండింటితో ఒకేచోట తీసి ఫొటో మూలలు ఎంత స్పష్టంగా ఉన్నాయో పెద్దవి చేసి చూడండి.