కాలువ మీద మీ ఒక్కరోజు గురించి

అమ్మలూ,

మే నెలలో పిల్లలతో కలిసి ఒకరోజుకి నారోబోట్, అంటే కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ, అద్దెకి తీసుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. అదీ ఇంగ్లండ్‌లో మా బాత్ ఊరి పక్కనున్న కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద! చాలా సంతోషం వేసింది. ఏళ్ళ తరబడి ఆ గట్టు మీద తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

డుండాస్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ దాకా నాలుగైదు మైళ్ళు, మధ్యలో లాక్ (నీటి మట్టం మారే చోట పడవని ఎక్కించి దించే గేట్ల గది) ఒక్కటీ లేదు. కొత్తవాళ్ళకి ఇదే మంచి దారి. అయినా బ్రాడ్‌ఫర్డ్ చేరి తీరాలని పట్టుదల పెట్టుకోవద్దు. నేను మొదటిసారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంజిన్ ఆపకుండా వెళ్ళాను. బాతులు తప్ప ఏమీ కనపడలేదు. ఆ చప్పుడికి ఏ ప్రాణీ నిలబడదు. పడవ తిప్పుకునే చోట్లు కొన్నే ఉంటాయి, బయల్దేరే ముందే మ్యాప్ మీద గుర్తు పెట్టించుకోండి. సగం దూరంలో గట్టుకి కట్టేసి, ఇంజిన్ ఆపి, ఒక గంట ఊరికే కూర్చోండి.

అప్పుడు వస్తుంది లకుముకి పిట్ట. ముందు సన్నటి ఈల వినిపిస్తుంది, తర్వాత నీళ్ళ మీద నీలం గీత గీసినట్టు పోతుంది. వంగిన కొమ్మల కింద చూడండి. మీ అమ్మా నేనూ చిన్నప్పుడు మన గోదావరి కాలువ గట్టున చూసిన చిన్న లకుముకి, ఇదీ ఒకటే జాతి. నారాయణ పక్షి కూడా అంతే. ఇక్కడ దాన్ని చూసిన ప్రతిసారీ నాకు ఊరే గుర్తొస్తుంది. పడవ దగ్గరికి రాగానే అది లేచి కాస్త ముందు వాలుతుంది, మళ్ళీ లేస్తుంది. అలా మూడుసార్లు లేచిందంటే వేగం తగ్గించండి, పాపం దాని వేట చెడుతుంది.

వేగం గంటకి 4 మైళ్ళు దాటకూడదు. కట్టేసిన పడవల పక్కన ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి. గట్టుకి అలలు కొడుతున్నాయంటే మీరు తొందరపడుతున్నట్టే. నీటికోళ్ళు గూళ్ళు నీళ్ళని ఆనుకునే కడతాయి, అల కొడితే గుడ్లు తడిసిపోతాయి. హంసలు పిల్లలతో ఉండే కాలం అది, బుస కొడితే దూరం జరగండి. బాతులకి బ్రెడ్ కాకుండా పచ్చి బఠాణీలు వేయమను పిల్లల్ని.

చుక్కాని అల్లుడికి ఇవ్వు. కుడికి వెళ్ళాలంటే చుక్కాని కర్ర ఎడమకి నెట్టాలి, పావుగంటలో అలవాటవుతుంది, టెన్షన్ పడొద్దు. ఎదురు పడవ వస్తే మీరు కుడివైపు ఉండాలి. దీనికి బ్రేకులుండవు, రివర్స్ గేరుతోనే ఆగుతుంది. గట్టు తగిలేలా ఉన్నా సరే, చెయ్యో కాలో అడ్డం పెట్టనివ్వకు. టన్నుల బరువున్న ఇనుము అది. పిల్లలకి లైఫ్ జాకెట్లు మొదటి నిమిషం నుంచే. నీళ్ళు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే పులిహోర.

ఏవన్‌క్లిఫ్ దగ్గర కాలువ వంతెనెక్కి నదిని దాటుతుంది. కింద ఏవన్ నది, పైన మీ పడవ. జాన్ రెన్నీ అనే ఇంజినీరు 1800 ప్రాంతాల్లో కట్టించిన రాతి వంతెన అది, మధ్యలో కాస్త కుంగి ఉంటుంది, చూడండి.

బైనాక్యులర్స్ నా దగ్గరున్నాయి. ముందురోజు రాత్రికే ఇంటికి వచ్చేయండి.

మీ మావయ్య