గంట క్యూ, గిన్నెడు పులుసు నూడుల్స్

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఇంజినీరు. దసరా సెలవులకి మమ్మల్నిద్దర్నీ రమ్మంటున్నాడు. అక్కడ తాత కాలం నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న దుకాణంలో కర్రీ నూడుల్స్ తినిపిస్తాడట. అందులో ఏం కలుపుతారోనని నాకు టెన్షన్. పైగా మా ఆవిడ శనివారం నీసు ముట్టదు. వెళ్లమంటారా, ఏదో వంక చెప్పి తప్పించుకోమంటారా?
– రిటైర్డ్ టీచర్, శ్రీకాకుళం

జవాబు: శనివారం తప్ప ఏ రోజైనా వెళ్లండి మాస్టారూ. గిన్నెలో ఏముంటుందో ముందే చెప్పేస్తాను, అక్కడికెళ్లి కంగారు పడక్కర్లేదు. కొబ్బరిపాల పులుసు, పసుప్పచ్చ గోధుమ నూడుల్స్ (కావాలంటే సన్న బియ్యం సేమ్యా), విడిగా ఉడికించి కొట్టిన కోడి ముక్కలు, బంగాళదుంప, చేపముద్ద బిళ్లలు, మొలకలు, పక్కన ఎర్రటి మిరపకారం ముద్ద. కొన్నిచోట్ల సముద్రపు గుల్లలు కూడా వేస్తారు, వద్దంటే మానేస్తారు. పులుసు మసాలాలో ఎండు రొయ్యలో రొయ్యల ముద్దో నూరి కలపడం మామూలే, అంటే మన రొయ్యపొట్టు వరస అన్నమాట. అందుకే ముక్కలు తీసేసి ఇమ్మన్నా అది శాకాహారం కాదు. పంది సంగతి మాత్రం అడిగి తీరాలి, ఎందుకంటే చైనీయుల దుకాణాల్లో పులుసులోనో నూనెలోనో అది ఉండొచ్చు. హలాల్ బోర్డు ఉంటే పంది ఉండదు కానీ, ఆ బోర్డు ఉన్నంత మాత్రాన ఆవు మాంసం లేదని కాదు, అదీ అడగాల్సిందే. ఈ నూడుల్స్‌లో ఎక్కువగా వేసేది కోడే. "నో పోర్క్? నో బీఫ్?" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక జాగ్రత్త. గిన్నెలో గోధుమరంగు స్పంజి ముక్కలు తేలుతుంటాయి, వేయించిన సోయా పనీరు అది. మా ఆవిడ పకోడీ అనుకుని ఒకటి పూర్తిగా నోట్లో పెట్టుకుంది. అది పులుసంతా పీల్చుకుని లోపల సలసల కాగుతోంది పాపం. మింగలేక ఊయలేక ఆవిడ చేతులు విసురుతుంటే ఎదుటి బల్ల ముసలాయన చెరకురసం గ్లాసు ఇటు జరిపాడు. మీరు చెంచాతో నొక్కి, పులుసు కార్చి తినండి.

టైము దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇలాంటి పాత దుకాణం మనూళ్లో తెల్లవారుజామున పెట్టే ఇడ్లీ బండి లాంటిది, సరుకు అయిపోతే గరిటె బోర్లించడమే. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు దిగకముందే, పదకొండుకల్లా క్యూలో ఉండండి. పైగా ఇలాంటి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్ మొత్తాన్ని మూడు నెలలకోసారి శుభ్రం చేయడానికి మూసేస్తారు, ఆ రోజు కాదు కదా అని అబ్బాయిని చూసుకోమనండి. గిన్నె ఐదు నుంచి ఎనిమిది డాలర్లుండొచ్చు. దాన్ని రూపాయల్లోకి మార్చి లెక్కేశారా, ముద్ద దిగదు.

బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి, అది మన బస్సు సీట్లో వేసే తువ్వాలు. ఈ సంగతి తెలియక నేను దర్జాగా కూర్చుని, ఆ టిష్యూతోనే మూతి కూడా తుడుచుకున్నాను. తిన్నాక గిన్నె, ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి అది రూలు, వినకపోతే జరిమానా కూడా.

మీరు వెళ్లేసరికి ఆ కొట్లో ఎవరుంటారన్నది మాత్రం చెప్పలేను. ఒకప్పుడు వీధుల్లో తోపుడు బళ్ల మీద అమ్మిన వాళ్లకి 1968లో లైసెన్సులివ్వడం మొదలుపెట్టి, 1986కల్లా అందరినీ కప్పున్న సెంటర్లలోకి చేర్చారు. 2020లో యునెస్కో ఈ తిండి సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. పేరైతే వచ్చింది గానీ, పొద్దున్నే లేచి కొబ్బరిపాలు కాచే ఓపిక పిల్లల్లో అందరికీ లేదు. గరిటె పట్టుకుని ఎక్కువగా కనిపించేది అరవై దాటిన చేతులే.

ప్రశ్న: కర్రీ అంటే మన మాటేగా? చైనా వాళ్ల నూడుల్స్‌లో కరివేపాకు ఎలా చేరింది సార్?
– డిగ్రీ విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: మనుషులతో చేరిందమ్మా. 'కరి' తమిళులు ఇచ్చిన మాట, మలయా భాషలో కరివేపాకు పేరు 'డౌన్ కరి', డౌన్ అంటే ఆకు. మలయాలో (ఇప్పటి మలేషియా, సింగపూర్ వైపు) రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ కూలీలుగా ఓడలెక్కిన వాళ్లలో మన శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లు బోలెడుమంది. అక్కడ మనవాళ్లని 'కెలింగ్' అనేవారు, అది మన కళింగం నుంచే పుట్టిందంటారు. ఇప్పుడది తిట్టుగా మారింది. తెలుసుకున్నావు కదా అని అక్కడెక్కడా వాడేయకు.

ప్రశ్న: అన్నా, గంటస్తంభం దగ్గర నాకు నూడుల్స్ బండి ఉంది. ఈ పులుసు నూడుల్స్ పెడితే ఆడుతుందా?
– విజయనగరం

జవాబు: వానాకాలం సాయంత్రాలు ఆడొచ్చు తమ్ముడూ, ముందు ఇంట్లో చేసి చూడు. ఉద్దానం కొబ్బరికాయ ఒకటి కోరి చిక్కటి పాలు ఒక గ్లాసు, పల్చటివి రెండు గ్లాసులు తియ్యి. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం, నిమ్మగడ్డి, పసుపు, ధనియాలు, గుప్పెడు రొయ్యపొట్టు నూరుకో. వాళ్లు చిక్కదనానికి ఏదో గింజ వేస్తారు, నీకు పలాస జీడిపప్పు బద్దలు చాలు. ముద్దని నూనె పైకి తేలేదాకా వేయించి పల్చటి పాలు పోసి కోడిని ఉడికించు. చిక్కటి పాలు చివర్లో పొయ్యాలి, పోశాక మరగనిస్తే విరిగిపోతాయి. నూడుల్స్ పులుసులో ఉడికించకు, గంజయిపోతుంది. వేన్నీళ్లలో విడిగా ముంచి, వడగట్టి, గిన్నెలో వేసి పైన పులుసు పొయ్యి. అన్నట్టు, నువ్వు రోజూ వేసే సోయాసాస్, అజినోమోటో సీసాలు ఆ పూటకి బండి కింద పెట్టెయ్. చెయ్యి అలవాటుగా అటే పోతుంది.